ఇంట్లో కాలేజీకి వచ్చిన మొదటివారు మీరేనా? మొదటి సెమిస్టరు ఇలా నెగ్గుకురండి

ఏటా అడ్మిషన్లు ముగిసిన రెండు మూడు వారాలకు మా స్టాఫ్‌రూమ్ తలుపు దగ్గర అవే ప్రశ్నలు మొదలవుతాయి. ‘‘సార్, మిడ్ మార్కులు ఫైనల్లో కలుస్తాయా?’’ ‘‘బోనఫైడ్ ఎక్కడ ఇస్తారు?’’ ‘‘కాండొనేషన్ కట్టమన్నారు, అది జరిమానానా?’’ అడిగేవాళ్లలో చాలామంది ఇంట్లో ఇంటర్ దాటిన మొదటివాళ్లు. నాన్న ఐదో తరగతి, అమ్మకు సంతకం వచ్చు, అన్న పదితో ఆపేశాడు. ఈ సంగతులు తమ ఒక్కరికే తెలియవేమోనన్న బెరుకుతో సగం మాట మింగి అడుగుతారు.

పక్క బెంచీలో ఉన్నవాడికి ఇవన్నీ ముందే తెలుసు. వాళ్లక్క నాలుగేళ్ల కిందట ఇలాంటి కాలేజీలోనే చదివింది, అన్నాలు తింటూ చెప్పేసింది. మీకు అలా చెప్పే అక్క లేదు. తేడా అంతవరకే. ఆ అక్క చెప్పి ఉండాల్సిన మాటలను ఇక్కడ వరసగా రాస్తున్నాను. అంకెలు ఎక్కువగా జేఎన్‌టీయూ అనుబంధ ఇంజినీరింగ్ కాలేజీలవి. ఉస్మానియా, ఆంధ్ర, కాకతీయ, శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయాల పరిధిలో డిగ్రీ చదువుతున్నవారికి పద్ధతి దాదాపు ఇదే, అంకెలు మాత్రం మారతాయి.

దగ్గర ఉంచుకోవాల్సినవి

- పదో తరగతి, ఇంటర్ మెమోలు, టీసీ, ఆరో తరగతి నుంచి ఇంటర్ వరకు స్టడీ సర్టిఫికెట్లు, కుల, ఆదాయ ధ్రువపత్రాలు. ఒక్కోదానికి ఐదేసి జిరాక్సులు.
- మీ పేరుమీద బ్యాంకు ఖాతా.
- మీ చేతిలో ఉండే ఫోను నంబరు ఆధార్‌కు లింకై ఉండాలి. చాలామంది ఆధార్‌లో నాన్న నంబరు ఉంటుంది. ఓటీపీ కోసం ఆయనకు ఫోన్ చేస్తే పొలంలో మోటారు దగ్గర ఉంటారు. ఆయన ఇంటికొచ్చి మనవడితోనో పక్కింటి పిల్లాడితోనో చదివించేసరికి గడువు అయిపోతుంది. ఈ పని మొదటి వారంలోనే చేయించండి.
- పాస్‌పోర్టు సైజు ఫోటోలు ఇరవై దాకా.
- ఒక నోటుబుక్కు. పాఠాలకు కాదు, తేదీలకు, కట్టిన డబ్బుకు, ఎవరిని ఏమి అడిగారో రాసుకోవడానికి.

ల్యాప్‌టాప్ ఈ జాబితాలో లేదు. కంప్యూటర్ బ్రాంచివాళ్లకు రెండో ఏడాదికి అవసరమవుతుంది. మొదటి సెమిస్టరుకు కాలేజీ ల్యాబు చాలు. వారం తిరగకముందే వాయిదాల మీద కొనిపించి ఇంట్లోవాళ్లను అప్పులో దించకండి.

1. ముందు కాగితాలు చక్కబెట్టుకోండి

పాఠం వెనకబడితే సెలవుల్లో చదువుకోవచ్చు. కాగితం వెనకబడితే ఏడాది స్కాలర్‌షిప్ పోతుంది. అందుకే ఇది మొదటి పని.

మెమోలో పేరు, ఆధార్‌లో పేరు, బ్యాంకు పాసుపుస్తకంలో పేరు పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం సరిచూడండి. మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉండి ఆధార్‌లో పొడి అక్షరమే ఉండటం, పుట్టిన తేదీలో నెల తేడా రావడం మన ఊళ్లలో మామూలు. పదో తరగతి మెమోనే ఆధారంగా తీసుకుని మిగతావాటిని దానికి సరిపోయేలా మార్పించండి. ఆధార్‌లో పేరు జీవితకాలంలో రెండుసార్లు, పుట్టిన తేదీ ఒక్కసారే మార్చుకోవచ్చు. కాబట్టి సెంటర్లో ఆపరేటరు కొట్టిన అక్షరాలను స్క్రీన్ మీద మీ కళ్లతో చూసి, ఆ తర్వాతే సరేననండి.

తర్వాత స్కాలర్‌షిప్. దరఖాస్తు చేసే వెబ్‌సైటు తెలంగాణలో ఈపాస్, ఆంధ్రప్రదేశ్‌లో జ్ఞానభూమి. ఫీజు రీయింబర్స్‌మెంట్ డబ్బు కాలేజీకి వెళ్తుందా, తల్లి ఖాతాకు వెళ్తుందా, విద్యార్థి ఖాతాకు వెళ్తుందా అన్నది ప్రభుత్వాలు మారినప్పుడల్లా మారుతూ వచ్చింది. సీనియర్లు రెండేళ్ల కిందటి పద్ధతి చెబుతారు, వాళ్లది అబద్ధం కాదు గానీ పాతది. ఈ ఏడాది పద్ధతేమిటో కాలేజీ స్కాలర్‌షిప్ సెక్షన్‌లోనే అడగండి.

ఇక్కడ మూడుచోట్ల దెబ్బతింటారు.

మొదటిది, ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేశాం కదా అని ఊరుకోవడం. ప్రింటు తీసి, జతపరచాల్సిన కాగితాలతో కాలేజీలో ఇవ్వాలి. కాలేజీవాళ్లు పరిశీలించి పైకి పంపితేనే అది కదులుతుంది.

రెండోది ఆదాయ ధ్రువపత్రం. మీసేవలోనో గ్రామ సచివాలయంలోనో దరఖాస్తు చేసిన రోజే చేతికి రాదు. చివరి తేదీ ముందురోజు పరుగెత్తితే ఎవరూ ఏమీ చేయలేరు.

మూడోది చాలామందికి తెలియదు. బ్యాంకులో ‘ఆధార్ లింక్ అయింది’ అనడం వేరు, ప్రభుత్వ డబ్బు పడేలా ఆ ఖాతాకు ఎన్‌పీసీఐలో (బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే సంస్థ) ఆధార్ సీడింగ్ జరగడం వేరు. మీకు రెండు ఖాతాలుంటే డబ్బు సీడింగ్ ఉన్న ఖాతాలోనే పడుతుంది, అది ఎప్పుడో బడిలో తెరిచిన పాత ఖాతా కావచ్చు. బ్యాంకుకు వెళ్లినప్పుడు ‘‘డీబీటీ కోసం సీడింగ్ ఈ ఖాతాకే ఉందా?’’ అని ఇదే మాట అడగండి. డీబీటీ అంటే ప్రభుత్వ డబ్బు నేరుగా ఖాతాలో పడటం.

హెచ్చరిక: అసలు సర్టిఫికెట్లను పరిశీలించి తిరిగి ఇచ్చేయాలని, కాలేజీలు తమ దగ్గర ఉంచుకోకూడదని విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం (యూజీసీ) 2018లోనే చెప్పింది. అయినా చాలాచోట్ల తీసుకుంటారు. మొదటి రోజే ఆఫీసులో యూజీసీ నిబంధన చదివి వినిపించి గెలుస్తారని నేను చెప్పను. ఇవ్వక తప్పకపోతే ఏయే సర్టిఫికెట్లు ఇచ్చారో పేరుపేరునా రాసిన రసీదు తీసుకోండి. ఇచ్చే ముందు ప్రతి కాగితాన్నీ రెండువైపులా స్కాన్ చేసుకోండి. డిజిలాకర్‌లో దొరికేవి అక్కడా దించి పెట్టుకోండి.

2. నియమావళి, అకడమిక్ క్యాలెండరు సంపాదించండి

మీ బ్యాచ్‌కు వర్తించే నియమావళికి ఒక పేరుంటుంది. జేఎన్‌టీయూ హైదరాబాద్‌లో 2022 నుంచి చేరినవారికి ఆర్22, 2025 నుంచి చేరినవారికి ఆర్25, ఆంధ్రప్రదేశ్ జేఎన్‌టీయూల్లో ఆర్23 వంటివి. స్వయంప్రతిపత్తి ఉన్న కాలేజీ అయితే దాని సొంత నియమావళి ఉంటుంది. వెబ్‌సైటులో దొరుకుతుంది. మొత్తం చదవక్కర్లేదు. హాజరు, ఇంటర్నల్ మార్కులు (కాలేజీలోనే వేసేవి), పాస్ మార్కులు, పై తరగతికి పంపే షరతులు, ఈ నాలుగు భాగాలు చాలు. ఇంగ్లిష్‌లో ఉందని వదిలేయకండి, ఒక మధ్యాహ్నం కూర్చుంటే అయిపోతుంది. అర్థం కాని వాక్యం కింద గీత గీసి క్లాసు మెంటర్‌ను (మీ సెక్షన్ బాగోగులు చూసే లెక్చరర్‌ను) అడగండి.

అకడమిక్ క్యాలెండరు నుంచి క్లాసులు మొదలయ్యే తేదీ, మొదటి మిడ్, రెండో మిడ్ (సెమిస్టరు పరీక్షలకు ముందు కాలేజీలో జరిగే పరీక్షలు), ప్రాక్టికల్స్, సెమిస్టరు పరీక్షల తేదీలను నోటుబుక్కు మొదటి పేజీలో రాసుకోండి. ఇదే పేజీ తొమ్మిదో మెట్టులో ఇంటివాళ్లకూ పనికొస్తుంది.

3. హాజరు లెక్క మీరే వేసుకోండి

జేఎన్‌టీయూ నిబంధన ప్రకారం 75 శాతం హాజరు ఉండాలి. 65కూ 75కూ మధ్య ఉంటే అనారోగ్యం వంటి సరైన కారణం చూపి, రుసుము కట్టి మినహాయింపు అడగవచ్చు. దాన్నే కాండొనేషన్ అంటారు. అది హక్కు కాదు, వాళ్లు ఇస్తే వచ్చేది. 65 కంటే తగ్గితే డిటెయిన్, అంటే సెమిస్టరు పరీక్షలు రాయనివ్వరు. ఆ సెమిస్టరు మళ్లీ చదవాలి. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కూ చిక్కొచ్చి పడుతుంది.

‘ఇప్పుడు పోయినా తర్వాత కవర్ చేద్దాం’ అనేవాళ్లు ఈ లెక్క చూడండి. 75 శాతం నిలబడాలంటే మానేసిన ఒక్కో పీరియడ్‌కు మూడు పీరియడ్లు హాజరు కావాలి. ఇప్పటికి 100 పీరియడ్లు జరిగి మీరు 60కి వెళ్లారనుకోండి. మళ్లీ 75కు చేరాలంటే ఒక్కటీ మానకుండా ఇంకో 60 పీరియడ్లు కూర్చోవాలి. రోజుకు ఆరు పీరియడ్లనుకుంటే పది పనిదినాలు. జ్వరమొచ్చినా, ఊళ్లో జాతరైనా సరే.

హాజరు సాధారణంగా పీరియడ్ల లెక్కన వేస్తారు, రోజుల లెక్కన కాదు. మూడు పీరియడ్ల ల్యాబు మానితే మూడు ఆబ్సెంట్లు. మధ్యాహ్నం బస్సు కోసం చివరి పీరియడ్ రోజూ వదిలేసేవాళ్లకు ఆ ఒక్క సబ్జెక్టు లెక్చరర్ దగ్గర పేరు కూడా చెడుతుంది. నిజంగా ఊరి బస్సు ఆ ఒక్కటే అయితే మొదటి వారంలోనే ఆ సంగతి క్లాసు మెంటర్‌కు రాతపూర్వకంగా చెప్పండి.

అనారోగ్యంతో మానితే ఆసుపత్రి చీటీ, మందుల బిల్లు ఆ వారంలోనే ఆఫీసులో ఇవ్వండి. సెమిస్టరు చివర తెచ్చే మెడికల్ సర్టిఫికెట్ విలువెంతో ఇచ్చేవాళ్లకూ తెలుసు, తీసుకునేవాళ్లకూ తెలుసు.

4. ఇంటర్నల్ మార్కులను చిన్నచూపు చూడకండి

ఇంటర్లో ఏడాది చివరి పరీక్షే అంతా. ఇక్కడ అలా కాదు. ఆ అలవాటుతో వచ్చినవాళ్లే మొదటి మిడ్‌ను యూనిట్ టెస్టులా తీసుకుని దెబ్బతింటారు.

ఆర్22లో ఒక థియరీ సబ్జెక్టుకు 100 మార్కులు. ఇంటర్నల్ 40, సెమిస్టరు పరీక్ష 60. ఆ 40లో రెండు మిడ్‌ల సగటుకు 30, అసైన్‌మెంట్లకు 5, వైవా (నోటితో జవాబు చెప్పే పరీక్ష) లేదా ప్రజెంటేషన్ వంటివాటికి 5. పాస్ కావాలంటే ఇంటర్నల్‌లో 14, సెమిస్టరు పరీక్షలో 21, రెండూ కలిపి 40 రావాలి. ఇంటర్నల్ 30 ఉన్నవాడికి సెమిస్టరు పరీక్షలో 21 వస్తే చాలు. 14తో గట్టెక్కినవాడికి 26 కావాలి. పేపరు కఠినంగా వచ్చిన ఏడాది ఈ ఐదు మార్కులే సప్లీకి, పాస్‌కు మధ్య గీత.

ఆర్23లో ఇంటర్నల్ 30, సెమిస్టరు పరీక్ష 70. రెండు మిడ్‌లలో మెరుగైనదానికి 80 శాతం, రెండోదానికి 20 శాతం లెక్క. కాబట్టి మొదటి మిడ్ చెడినంత మాత్రాన ఆశ వదులుకోకండి.

అసైన్‌మెంటు పక్కవాడిది చూసి రాసినా సరే, గడువులోగా ఇవ్వండి అని కొందరు చెబుతారు. నేను ఒప్పుకోను. మిడ్‌లో ప్రశ్నలు చాలాసార్లు ఆ అసైన్‌మెంటులోవే వస్తాయి. సొంతంగా రాస్తే సగం చదువు అక్కడే అయిపోతుంది.

ల్యాబు సంగతి కొంచెం వివరంగా. అబ్జర్వేషన్ పుస్తకం, రికార్డు వేర్వేరు. ల్యాబులో రీడింగులు రాసేది అబ్జర్వేషన్. అవి సరిచూసి సంతకం పెట్టించుకున్నాక శుభ్రంగా రాసేది రికార్డు. రికార్డులో కుడివైపు గీతల పేజీ మీద ఎయిమ్, అపరేటస్, ప్రొసీజర్, రిజల్టు. ఎడమవైపు తెల్ల పేజీ మీద పెన్సిలుతో సర్క్యూటు, పట్టిక, లెక్కలు. తేదీ, ప్రయోగం సంఖ్య, పుస్తకం మొదట్లో ఉండే ఇండెక్సులో ఎంట్రీ, వీటిలో ఏది లేకపోయినా వెనక్కి ఇస్తారు. ప్రతి వారం సంతకం ఆ వారమే పెట్టించుకోండి. చివరి వారంలో పన్నెండు ప్రయోగాల రికార్డులు పట్టుకుని సంతకాల కోసం వరండాలో నిలబడే వరసను ఏటా చూస్తుంటాం. ఆ వరసలో ఉన్నవాళ్లకు వైవాకు చదివే తీరిక ఎక్కడిది?

5. తెలుగు మీడియం నుంచి వచ్చారా?

ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. మొదటి నెల క్లాసులో మాటలు వినిపిస్తాయి, విషయం చేతికి దొరకదు. అది రెండు మూడు నెలల్లో సర్దుకుంటుంది, కానీ దానంతట అది సర్దుకోదు.

రేపటి పాఠం ఏదో ఈ రాత్రే తెలుసుకుని, ఆ విషయాన్ని తెలుగులో ఇరవై నిమిషాలు చదవండి. మీ పాత ఇంటర్ తెలుగు అకాడమి పుస్తకం చాలు. మొదటి ఏడాది భౌతిక, రసాయన, గణిత శాస్త్రాల్లో పునాది అక్కడే ఉంది. ఇంజినీరింగ్, డిప్లొమా పుస్తకాలు కొన్ని సాంకేతిక విద్యను పర్యవేక్షించే ఏఐసీటీఈ వారి ఈ-కుంభ్ పోర్టల్‌లో తెలుగులో ఉచితంగా దొరుకుతాయి. విషయం ముందే తెలిసి ఉంటే క్లాసులో మీ పని ఇంగ్లిష్ మాటలను దానికి తగిలించుకోవడమే. రెండు పనులూ ఒకేసారి చేయబోతేనే తల తిరుగుతుంది.

క్లాసులో మొదటి రెండు బెంచీల్లో కూర్చోండి. అక్కడ బోర్డు కనిపిస్తుంది, లెక్చరర్ పెదవుల కదలిక కూడా కనిపిస్తుంది, పక్కవాళ్ల కబుర్లు తగ్గుతాయి.

పాత ప్రశ్నపత్రాలు తీసి, ప్రశ్నలో పని చెప్పే మాటలను ఒక పేజీలో రాసుకోండి. ‘డిఫైన్’ అంటే నిర్వచనం, రెండు వాక్యాలు. ‘స్టేట్’ అంటే సూత్రం చెబితే చాలు, నిరూపణ అడగలేదు. ‘డిరైవ్’ అంటే మెట్టు మెట్టుగా రాబట్టాలి. ‘డిఫరెన్షియేట్’ అని గణితంలో వస్తే అవకలనం చేయాలి, మిగతా సబ్జెక్టుల్లో వస్తే రెండు నిలువు వరసలు గీసి తేడాలు రాయాలి. ‘ఎక్స్‌ప్లెయిన్ విత్ నీట్ డయాగ్రమ్’ అన్నచోట బొమ్మ లేకపోతే సగం మార్కులు మరిచిపోండి. ఈ మాటలు ఇరవైకి మించవు. వీటిలో తడబడి, తెలిసిన జవాబునే తప్పుచోట రాసిన పేపర్లు నేను చాలా దిద్దాను.

జవాబు రాసేటప్పుడు చిన్న వాక్యాలు. నిర్వచనం, బొమ్మ, సూత్రం, అందులోని ఒక్కో అక్షరం దేన్ని సూచిస్తుందో, ప్రమాణాలు, ఆ తర్వాత పాయింట్లు. ఈ వరసలో రాస్తే వ్యాకరణం కొంచెం తప్పినా సాంకేతిక సబ్జెక్టుల్లో మార్కులు పోవు. చరిత్ర, రాజనీతి, వాణిజ్య శాస్త్రాల వాళ్లకు వాక్యం ముఖ్యమే. వారానికి రెండు జవాబులు రాసి ఇంగ్లిష్ మేడమ్‌కు చూపించండి.

స్పోకెన్ ఇంగ్లిష్ కోర్సుకు మొదటి సెమిస్టరులో డబ్బు కట్టకండి. ఇప్పుడు కావాల్సింది చదవడం, రాయడం. మాట్లాడటం ప్లేస్‌మెంట్ల నాటికి కావాలి, ఆలోపు సమయం ఉంది. మీరు రాసిన జవాబునే రోజూ పది నిమిషాలు పైకి చదవండి, దమ్మిడీ ఖర్చు లేదు.

హెచ్చరిక: ‘ఆల్ ఇన్ వన్’ గైడును బట్టీ పట్టి గట్టెక్కేవాళ్లు ఉంటారు. వైవాలో రెండో ప్రశ్నకే దొరికిపోతారు.

6. అడగడం నేర్చుకోండి

ఇళ్లలో మనకు ‘పెద్దవాళ్లు మాట్లాడుతుంటే నోరెత్తకు’ అని నేర్పుతారు. కాలేజీలో అడగనివాడి పని జరగదు. మర్యాద తప్పకుండానే అడగవచ్చు.

లెక్చరర్ దగ్గరకు ‘‘సార్, ఏమీ అర్థం కాలేదు’’ అని వెళ్తే ఆయన ఎక్కడ మొదలుపెట్టాలి? ఎక్కడిదాకా వచ్చారో చెప్పండి: ‘‘నమస్తే సార్. నేను ఫస్టియర్ సివిల్, బి సెక్షన్. నిన్నటి లెక్కలో ఫ్రీ బాడీ డయాగ్రమ్ గీయడం వరకు వచ్చింది. ఘర్షణ బలాన్ని ఏ వైపు చూపించాలో తెలియడం లేదు. ఎప్పుడు రమ్మంటారు?’’ మీ నోటుబుక్కు తెరిచి చేతిలో ఉండాలి. ఇలా వచ్చిన పిల్లలను కసిరి పంపే లెక్చరర్లు తక్కువ. అలాంటివారు ఎదురైతే అదే సబ్జెక్టు చెప్పే ఇంకొకరి దగ్గరకు వెళ్లండి, తప్పు లేదు.

ఆఫీసు పద్ధతి వేరు. అక్కడ నోటిమాటకు విలువ తక్కువ, కాగితానికి ఎక్కువ. తెల్లకాగితం మీద ప్రిన్సిపాల్‌కు దరఖాస్తు: పేరు, హాల్‌టికెట్ నంబరు, బ్రాంచి, ఏమి కావాలి, ఎందుకు కావాలి, సంతకం, తేదీ. బస్‌పాసుకైనా, బ్యాంకుకైనా, స్కాలర్‌షిప్‌కైనా మీరు ఆ కాలేజీ విద్యార్థేనని చెప్పే కాగితమే బోనఫైడ్. రెండు ప్రతులు రాసి, ఒకదాని మీద అందినట్లు సంతకం అడగండి. చివరి తేదీ రోజు కౌంటరు దగ్గర గుంపు ఉంటుంది, క్లర్కు కూడా మనిషే, విసుక్కుంటాడు. నాలుగు రోజుల ముందు ఉదయం పూట వెళ్తే అదే మనిషి ఓపిగ్గా చెబుతాడు.

లైబ్రరీలో మొదటి వారమే కార్డు తీసుకోండి. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు చాలా కాలేజీల్లో బుక్ బ్యాంకు ఉంటుంది, సెమిస్టరు అంతా పుస్తకాలు ఉంచుకోవచ్చు. బోర్డు మీద రాసి ఉండదు కాబట్టి లైబ్రేరియన్‌ను మీరే అడగాలి.

7. డబ్బు

మొదటి నెల ఖర్చు ప్రతిదీ నోటుబుక్కులో రాయండి. రెండో నెల నుంచి ఇంటికి ఎంత అడగాలో మీకే తెలుస్తుంది. యూనివర్సిటీ హాస్టళ్లలో మెస్ బిల్లు నెలనెలా మారుతుంది. ఇంటికి వెళ్లేటప్పుడు మెస్ కట్ (లేని రోజులకు బిల్లు తగ్గింపు) ఉందా, ఎన్ని రోజుల ముందు చెప్పాలి అని అడిగి పెట్టుకోండి.

రెండు విషయాల్లో మాత్రం గట్టిగా ఉండండి. ఫోనులో నిమిషాల్లో అప్పిచ్చే యాప్‌ల జోలికి పోకండి. మీ ఫోనులోని నంబర్లు, ఫోటోలు తీసుకుని ఇంట్లోవాళ్లనూ స్నేహితులనూ వేధించిన కేసులు మన దగ్గర చాలా జరిగాయి. రెండోది ఇంకా ప్రమాదం. ‘‘నీ బ్యాంకు ఖాతా, ఏటీఎం కార్డు, సిమ్ కొన్నాళ్లు ఇస్తే ఐదు వేలిస్తాం’’ అని హాస్టళ్లలో తిరిగేవాళ్లు ఉంటారు. ఆ ఖాతాలోకి వచ్చేది సైబర్ మోసాల సొమ్ము. పోలీసులు ముందుగా వచ్చేది ఖాతా ఎవరి పేరున ఉందో వారి దగ్గరకే. ఇప్పటికే ఇచ్చి ఉంటే వెంటనే బ్యాంకులో ఖాతా ఆపించి, సైబర్ నేరాల నంబరు 1930కి ఫోన్ చేయండి.

8. హాస్టలు, ర్యాగింగ్

సీనియర్ పేరు, ఊరు అడగడం, పరిచయం చేసుకోమనడం ఒకటి. గదికి పిలిచి నిలబెట్టడం, రికార్డులు రాయించడం, డబ్బు తెప్పించడం, యాసనూ కులాన్నీ ఎత్తిచూపి నవ్వడం వేరు. రెండోది ర్యాగింగ్. దీనిమీద ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997లోనే చట్టం వచ్చింది, యూజీసీ 2009లో నిబంధనలు తెచ్చింది. హెల్ప్‌లైన్ 1800-180-5522, రాత్రీ పగలూ పనిచేస్తుంది. ఫిర్యాదులో తేదీ, సమయం, గది నంబరు, అక్కడున్నవారి పేర్లు ఉండాలి. ‘సీనియర్లు ఇబ్బంది పెడుతున్నారు’ అని మాత్రమే రాస్తే విచారణ ముందుకు కదలదు.

నిద్ర పట్టకపోవడం, అన్నం సయించకపోవడం, తిరిగి ఊరెళ్లిపోదామనిపించడం మొదటి నెలలో చాలామందికి ఉంటుంది. మూడు నాలుగు వారాలైనా తగ్గకపోతే 14416కు ఫోన్ చేయండి. అది టెలీ మానస్ అనే ప్రభుత్వ సేవ. ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

9. ఇంటివాళ్లకు ఏమి చెప్పాలి?

అమ్మ ఫోన్ చేసి ‘‘బాగా చదువుతున్నావా?’’ అంటుంది. ‘‘ఆఁ’’ అంటారు. అక్కడితో మాట ఆగిపోతుంది. నాలుగు నెలల తర్వాత ఒక సబ్జెక్టు పోయిందని తెలిస్తే ఆమెకు పిడుగు పడ్డట్టే ఉంటుంది, ఎందుకంటే ఆమె లెక్కలో ఫెయిల్ అంటే చదువు ఆగిపోవడమే.

కాబట్టి ముందే చెప్పి పెట్టండి. సెమిస్టరు అంటే ఏమిటో, ఒక సబ్జెక్టు పోతే మళ్లీ రాసుకోవచ్చని, తరగతి ఆగిపోదని. కానీ చాలా సబ్జెక్టులు పోయి క్రెడిట్లు (పాసైన సబ్జెక్టులకు వచ్చే పాయింట్లు) తగ్గితే పై ఏడాదికి పంపరని కూడా. సగమే చెప్పకండి.

రెండో మెట్టులో రాసిన తేదీలను తెలుగులో రాసి నాన్నకో అన్నకో పంపండి. పత్తి ఏరడం, వరి కోతలు, సెమిస్టరు పరీక్షలు తరచూ ఒకే కాలంలో పడతాయి. ‘‘ఈ పదిహేను రోజులు నేను రాలేను, దానికి ముందు ఆదివారం వచ్చి సాయం చేస్తాను’’ అని నెల ముందు చెబితే అర్థం చేసుకుంటారు. కూలీలు దొరకని రోజున ఫోన్ వచ్చాక కాదంటే అది వేరే గొడవ. పెళ్లిళ్లకూ ఇదే వర్తిస్తుంది. మేనమామ కూతురి పెళ్లికి రెండు రోజులు వెళ్లండి, వారం రోజులు కాదు.

‘‘ఉద్యోగం ఎప్పుడొస్తుంది?’’ అని ఊళ్లో అందరూ అడుగుతారు. జవాబు బాధ్యత మీ మీద వేసుకోకండి. ‘‘ఇంకా మొదటి ఏడాదే కదా మామా’’ అని నవ్వేసి వచ్చేయండి.

ఎక్కువగా చేసే పొరపాట్లు

వాట్సాప్ గ్రూపులో వచ్చిందే నోటీసు అనుకోవడం. గ్రూపులో పాత సర్క్యులర్లు తిరుగుతుంటాయి. నోటీసు బోర్డులో గానీ, యూనివర్సిటీ వెబ్‌సైటులో గానీ చూశాకే కదలండి.

మన ఊరివాళ్లతోనే, మన గదివాళ్లతోనే నాలుగేళ్లూ గడపడం. ఊరి స్నేహం ఉండాలి. కానీ ప్రతి సబ్జెక్టులో నోట్సు అడగగలిగినవాళ్లు ఒకరైనా ఉండాలి, వాళ్లు మీ ఊరివాళ్లే అయి ఉండే అవకాశం తక్కువ. ఎన్‌ఎస్‌ఎస్‌లో చేరితే వేరే బ్రాంచివాళ్లు, సీనియర్లు సహజంగా పరిచయమవుతారు.

బట్టలు, ఫోను విషయంలో పోటీ పడటం. దీని గురించి ఎక్కువ చెప్పను. రెండో సెమిస్టరు నాటికి మీ చెప్పుల వైపు ఎవరూ చూడరు.

మొదటి ఏడాది మార్కులు లెక్కలోకి రావనుకోవడం. వస్తాయి. సీజీపీఏలో (అన్ని సెమిస్టర్ల సగటు గ్రేడు) మొదటి సెమిస్టరు నుంచే కలుస్తాయి. బ్యాక్‌లాగులు (ఇంకా పాస్ కాని సబ్జెక్టులు) ఉన్నవారిని రానివ్వని కంపెనీలు చాలా ఉన్నాయి.

సరిగ్గా సాగుతోందా? ఇలా చూసుకోండి

మూడు వారాలకు: స్కాలర్‌షిప్ దరఖాస్తు ఏ దశలో ఉందో చెప్పగలరా? ప్రతి సబ్జెక్టు లెక్చరర్ పేరు తెలుసా? ఒక్కరినైనా సందేహం అడిగారా? మూడింటిలో ఏదైనా ‘లేదు’ అయితే ఈ వారం పని అదే.

మొదటి మిడ్ తర్వాత: మార్కులు చూసి ఊరుకోకండి, జవాబుపత్రం అడిగి చూడండి. తప్పులను మూడు రకాలుగా విడదీయండి. విషయం తెలియనివి, తెలిసినా ఇంగ్లిష్‌లో రాయలేనివి, సమయం చాలక వదిలేసినవి. మొదటిదానికి లెక్చరర్, రెండోదానికి ఐదో మెట్టు, మూడోదానికి గడియారం ముందు పెట్టుకుని పాత పేపరు రాయడం. మూడింటికీ ‘ఇంకా బాగా చదవాలి’ అనే ఒకే మందు పనిచేయదు. హాజరు శాతం కూడా ఇప్పుడే ఆఫీసు లెక్కతో సరిచూడండి. తేడా ఉంటే ఇప్పుడు దిద్దుతారు, సెమిస్టరు చివర దిద్దరు.

ఫలితాలు వచ్చాక: అన్నీ పాసైతే సరే. పోయిన సబ్జెక్టులో మార్కులు గీతకు దగ్గరగా ఉండి, బాగా రాశానన్న నమ్మకం ఉంటే రీవాల్యుయేషన్‌కు పెట్టండి. అందులో పేపరు మళ్లీ దిద్దుతారు. రీకౌంటింగ్‌లో కూడికలే చూస్తారు, రుసుము వేరు. గడువు కొద్ది రోజులే ఉంటుంది. రీవాల్యుయేషన్ ఫలితాల కోసం ఎదురుచూస్తూ సప్లీ ఫీజు కట్టడం మానకండి, రెండింటి గడువులూ ఒకదాని మీద ఒకటి పడవచ్చు. కట్టిన రసీదును ఫోటో తీసి, అసలుది తేదీల నోటుబుక్కులో అంటించండి. హాల్‌టికెట్‌లో ఆ సబ్జెక్టు పేరు రాకపోతే ఆఫీసులో చూపించాల్సింది దాన్నే.